అప్పు వాళ్లది, ఫోన్లు మనకు

ప్రశ్న: ఈ మధ్యే కొత్త సిమ్ తీసుకున్నాను. అప్పటి నుంచి ఎవరో ఒకాయన పేరు చెప్పి ఈఎంఐ కట్టలేదని ఒకటే ఫోన్లు. ఆయనెవరో నాకు తెలియదంటే "అబద్ధాలెందుకు మేడం, మీరు ఆయన భార్యే కదా" అంటున్నారు. ఒక నంబర్ బ్లాక్ చేస్తే ఇంకో నంబర్ నుంచి వస్తున్నాయి. డీఎన్‌డీ పెట్టినా లాభం లేదు. ఇంట్లోవాళ్లు సిమ్ మార్చేయమంటున్నారు గానీ, ఇప్పటికే బ్యాంకుకూ ఆధార్‌కూ ఇదే ఇచ్చేశాను. ఏం చేయాలి?
ఓ పాఠకురాలు, ఖమ్మం

జవాబు: సిమ్ మార్చకండమ్మా. తప్పు వాళ్ల రికార్డులో ఉంటే నంబర్ మీరెందుకు వదులుకోవాలి? పైగా మీరు తీసుకోబోయే కొత్త నంబర్ కూడా ఇంతకుముందు ఇంకెవరిదో అయ్యుండొచ్చు.

మన దేశంలో వాడకం ఆగిపోయిన నంబర్‌ని కనీసం 90 రోజులు ఖాళీగా ఉంచి, ఆ తర్వాత టెలికాం కంపెనీ ఇంకొకరికి ఇచ్చేస్తుంది. పాతాయన అప్పు తీసుకున్నప్పుడు ఇచ్చిన నంబర్ మాత్రం లోన్ ఫైల్లో అలాగే ఉండిపోతుంది. రికవరీ ఏజెన్సీలో కూర్చుని డయల్ చేసే కుర్రాడికి స్క్రీన్ మీద కనిపించేది ఒక పేరు, ఒక బాకీ, మీ నంబర్. రాంగ్ నంబర్ అని మీరు చెప్తే అతను నమ్మడు, ఎందుకంటే నిజంగా బాకీ ఉన్నవాళ్లలో కూడా చాలామంది చెప్పేది అదే మాట. ఒకవేళ నమ్మి రాసుకున్నా, రేపు ఆ ఫైలు వేరే ఏజెన్సీకి పోతే అదే షీటు, అదే నంబర్, మళ్లీ మొదటికొస్తుంది. బ్లాక్ చేయడం పనిచేయనిది ఇందుకే. ఇక డీఎన్‌డీ అనేది ప్రచారం కోసం చేసే కాల్స్‌ని ఆపడానికి, బాకీ వసూలు కాల్స్ దాని కిందికి రావు. నంబర్ తీసేయాల్సింది అప్పిచ్చిన బ్యాంకో ఫైనాన్స్ కంపెనీయో, కాబట్టి అదేదో ముందు మీకు తెలియాలి.

అందుకే ఈసారి ఫోన్ వస్తే కట్ చేయకుండా, రికార్డింగ్ ఆన్ చేసుకుని మాట్లాడండి. ఏ సంస్థ తరఫున చేస్తున్నారు, ఏజెన్సీ పేరేంటి, మీ పేరేంటి అని అడగండి. ఎదురు మీ వివరాలు మాత్రం ఒక్కటి కూడా ఇవ్వకండి. "పాన్ నంబర్ చెప్తే వెరిఫై చేసి తీసేస్తాం" అంటారు, అస్సలు చెప్పకండి, ఎందుకంటే ఫోన్ నంబర్ తప్పని తేల్చడానికి మీ పాన్‌తో గానీ, ఆధార్‌తో గానీ, పుట్టిన తేదీతో గానీ ఏ పనీ లేదు. ఓటీపీ అడిగారంటే మాత్రం అది రికవరీ కాదు, మోసం, వెంటనే ఫోన్ పెట్టేయండి.

సంస్థ పేరు తెలిశాక వాళ్ల వెబ్‌సైట్‌లో గ్రీవెన్స్ ఆఫీసర్ (ఫిర్యాదులు చూసే అధికారి) మెయిల్ అడ్రస్ వెతికి ఇలా రాయండి: "ఈ నంబర్ ఫలానా తేదీ నుంచి నా పేరు మీద ఉంది. మీరు అడుగుతున్న వ్యక్తి నాకు తెలియదు. మీ దగ్గర నాకు ఏ అప్పూ లేదు. ఈ నంబర్‌ని ఆ ఖాతా నుంచి తొలగించి, మీ రికవరీ ఏజెన్సీలన్నిటికీ ఆ సంగతి తెలియజేసి, నాకు రాతపూర్వకంగా జవాబివ్వండి." కాల్స్ వచ్చిన తేదీలు, సమయాలు, నంబర్లు కింద రాసి, సిమ్ ఎప్పుడు తీసుకున్నారో చూపించే రుజువు ఏదైనా ఉంటే జత చేయండి. ఇంకో ముఖ్యమైన సంగతి, రద్దయిన నంబర్ల జాబితాతో సరిచూసి కస్టమర్ల వివరాలు శుభ్రం చేసుకోవాలని రిజర్వ్ బ్యాంక్ 2025 జనవరి 17న బ్యాంకులకూ ఫైనాన్స్ కంపెనీలకూ ఆదేశాలిచ్చింది. ఆ సర్క్యులర్ తేదీ కూడా మెయిల్‌లో రాయండి, అప్పుడు మీరు దయ చూపమని అడుగుతున్నట్టు కాకుండా వాళ్లు చేయాల్సిన పనినే గుర్తు చేస్తున్నట్టు ఉంటుంది. ఫిర్యాదు నంబర్ తప్పకుండా తీసుకోండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది సరిగా లేకపోయినా బ్యాంకుల మీద ఫిర్యాదులు తీసుకునే రిజర్వ్ బ్యాంక్ సీఎంఎస్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి, ఫీజేమీ లేదు. మీరు వాళ్ల కస్టమర్ కాదన్న సంగతి మొదటి వాక్యంలోనే రాయండి. ఎలా పెట్టాలో తెలియకపోతే 14448కి ఫోన్ చేసి అడగొచ్చు.

ఉదయం 8 గంటలకు ముందూ సాయంత్రం 7 తర్వాతా బాకీ కోసం ఫోన్ చేయకూడదనీ, బెదిరించకూడదనీ, అప్పు తీసుకున్నవాళ్ల బంధుమిత్రుల జోలికి పోకూడదనీ 2022 ఆగస్టు నుంచే రిజర్వ్ బ్యాంక్ నిబంధన ఉంది. అప్పున్నవాళ్లకే ఇంత రక్షణ ఉన్నప్పుడు, ఏ సంబంధమూ లేని మిమ్మల్ని భార్య అంటూ దబాయించడం ఎంత అన్యాయం! ఆ మాట రికార్డయి ఉంటే అదీ ఫిర్యాదుకు జత చేయండి.

అయితే, వాళ్లు అడిగేది ఇంకొకరి పేరు కాకుండా మీ పేరే అయితే సంగతి వేరు. మీ పాన్‌తో ఎవరో అప్పు తీసుకున్నారేమో చూసుకోవాలి. మన అప్పుల వివరాలు నమోదు చేసే సంస్థలు సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫ్యాక్స్, క్రిఫ్ హైమార్క్ నాలుగూ ఏడాదికోసారి పూర్తి క్రెడిట్ రిపోర్టు ఉచితంగా ఇస్తాయి. మీది కాని అప్పు అందులో కనిపిస్తే సరిచేయమని ఫిర్యాదు పెట్టండి, 30 రోజులు దాటితే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలన్న నిబంధన 2024 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది.

ప్రశ్న: మా ఆఫీసులో ఒకతను లోన్ యాప్‌లో అప్పు తీసుకున్నాడట. వాళ్లు నాకు వాట్సాప్‌లో మెసేజ్‌లు పెడుతున్నారు, కట్టించకపోతే నా ఫొటో మార్ఫింగ్ చేసి అందరికీ పంపిస్తామంటున్నారు. పోలీసుల దగ్గరికి వెళ్తే నా పేరే బయటికొస్తుందేమోనని టెన్షన్‌గా ఉంది.
పేరు వద్దన్న పాఠకురాలు

జవాబు: మీరు భయపడాల్సిన పని ఏమీ చేయలేదు. అతని ఫోన్‌లోని కాంటాక్టులన్నీ ఆ యాప్ లాగేసుకుంది, అందులో మీరొకరు, అంతే. అసలు అప్పులిచ్చే యాప్‌లు కాంటాక్టులు, కాల్ లిస్టు, గ్యాలరీ ముట్టుకోకూడదని రిజర్వ్ బ్యాంక్ 2022లోనే చెప్పింది. అనుమతి ఉన్న సంస్థల యాప్‌ల జాబితా రిజర్వ్ బ్యాంక్ వెబ్‌సైట్‌లో ఉంది, అందులో ఈ యాప్ పేరు లేకపోతే గ్రీవెన్స్ మెయిల్స్ అంటూ టైమ్ వేస్ట్ చేసుకోవద్దు.

మెసేజ్‌లు డిలీట్ చేయకండి. నంబర్ కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీసి, తర్వాతే బ్లాక్ చేయండి. సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, సైబర్ క్రైమ్ పోర్టల్‌లోనూ ఫిర్యాదు పెట్టండి. బెదిరింపు భారతీయ న్యాయ సంహిత 351వ సెక్షన్ కింద నేరం, స్త్రీ గౌరవానికి భంగం కలిగించే మాటలకూ చేష్టలకూ 79వ సెక్షన్ ఉంది. స్టేషన్‌కి ఒంటరిగా వెళ్లాలనిపించకపోతే ఇంట్లోవాళ్లనో స్నేహితురాలినో తోడు తీసుకెళ్లండి. ఆ సహోద్యోగికి కూడా చెప్పండి, అతనూ ఇలాగే నలుగుతుండొచ్చు, ఇద్దరూ ఫిర్యాదు చేస్తే కేసు గట్టిగా ఉంటుంది. ఒక్క రూపాయి కూడా పంపకండి. డబ్బు వస్తుందని తెలిస్తే అసలు వదలరు.

ప్రశ్న: అన్నయ్య పర్సనల్ లోన్ కట్టడం లేదు. నేను ఎక్కడా సంతకం పెట్టలేదు. "తమ్ముడివి కదా, నువ్వే కట్టాలి" అంటున్నారు. కొంత కట్టేస్తే ఫోన్లు ఆగుతాయా?
ఓ పాఠకుడు, ఒంగోలు

జవాబు: ఆగవు బాబూ, ఇంకా పెరుగుతాయి. తమ్ముడైనంత మాత్రాన అప్పు నీ మీదికి రాదు. రెఫరెన్స్ కింద అన్నయ్య నీ నంబర్ ఇచ్చి ఉండొచ్చు, దానికి ఏ బాధ్యతా లేదు. జామీను సంగతి వేరు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో వేరే మాట లేకపోతే, జామీనుదారుకి అసలు అప్పు తీసుకున్నవాళ్లతో సమానంగా బాధ్యత ఉంటుంది. అందుకే ఎప్పుడైనా ఏదైనా కాగితం మీద సంతకం పెట్టావేమో గుర్తు చేసుకో, క్రెడిట్ రిపోర్టు తీసి చూసుకో. ఏమీ లేకపోతే, జామీనుగా గానీ కో-అప్లికెంట్‌గా గానీ నువ్వు లేవని బ్యాంకుకి ఒకసారి మెయిల్ పెట్టు, ఆపైన ఫోన్‌లో వాదనకి దిగకు. అన్నయ్య ఎక్కడున్నాడో చెప్పాల్సిన బాధ్యత కూడా నీది కాదు. వీలైతే అన్నయ్యతోనే బ్యాంకుకి ఫోన్ చేయించి తన ఇప్పటి నంబర్ ఇప్పించు. ఆయన దొరకనందుకే నీకు చేస్తున్నారు, దొరికితే వాళ్లకి నీతో పనే ఉండదు.