టోగుల్ ప్లేటు మందం పెంచవచ్చా?

ప్రశ్న: మాది ఒంగోలు. మా బావగారి జా క్రషర్ (రాళ్లను నలిపి కంకర చేసే మిషన్) వ్యవహారం ఇప్పుడు నా మీద పడింది. చదివింది బీకాం, మిషన్ గురించి ఏమీ తెలియదు. ఈ నెలలో రెండోసారి టోగుల్ ప్లేటు విరిగింది. మందంగా చేయించి వేద్దామని ఆపరేటర్ అంటున్నాడు. వేయించమంటారా? ముఖ్యమైన భాగాలేమిటో కూడా చెప్పండి.
– ఒక పాఠకుడు

జవాబు: వద్దండీ. ఫ్యూజు ఊరికే పోతోందని లావు తీగ చుట్టినట్టే అది. టోగుల్ అవసరమైనప్పుడు విరగాలనే పెడతారు. రాళ్లతో పాటు పొక్లెయిన్ బకెట్ పన్ను ఒకటి లోపల పడిందనుకోండి. ఇనుము నలగదు, ఫ్లైవీల్ అనే బరువైన చక్రం ఊపు ఆగదు. టోగుల్ విరిగితే ఒక పూట పని పోతుంది. అది విరగకపోతే షాఫ్టో, రాళ్లను నొక్కే కదిలే దవడ పిట్‌మనో పోతుంది. ఆ బిల్లు మీ బావగారికి చూపించడం మీ వల్ల కాదు.

ఇక భాగాలు. మోటారు బెల్టులతో ఫ్లైవీల్‌ని తిప్పుతుంది. ఫ్లైవీల్ ఉన్న షాఫ్టు నడిమి భాగం కేంద్రం నుంచి కాస్త పక్కకు జరిగి ఉంటుంది, అందుకే దాన్ని ఎక్సెంట్రిక్ షాఫ్ట్ అంటారు. దానికి వేలాడే పిట్‌మన్ ముందుకూ వెనక్కూ, పైకీ కిందికీ ఊగుతుంది. దాని ముఖాన కదిలే జా ప్లేటు, ఎదురుగా ఫ్రేముకు కదలని జా ప్లేటు, పక్కల చీక్ ప్లేట్లు. పిట్‌మన్ కింది కొసను వెనక నుంచి ఆనుకుని ఉండేదే మీ టోగుల్.

జా ప్లేట్లు మాంగనీస్ స్టీలువి. మాంగనీసు సాధారణంగా 12–14 శాతం ఉంటుంది. రాయి దెబ్బ తగిలేకొద్దీ పైపొర గట్టిపడుతుంది. కింది అంచు ముందు అరుగుతుంది. చాలా మిషన్లలో ప్లేటును తలకిందులు చేసి మళ్లీ వాడొచ్చు, ఇది చేయకుండా కొత్తవి కొనేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

నెలలో రెండుసార్లు విరిగిందంటే కారణం వేరే ఉంది. ముందు పిట్‌మన్‌ని వెనక్కి లాగి టోగుల్‌ని కదలకుండా పట్టి ఉంచే టెన్షన్ రాడ్ స్ప్రింగు చూడండి. అది లూజైతే టోగుల్ తన సీట్లలో, అంటే రెండు కొసలూ ఆనే చోట్ల, కొట్టుకుంటుంది, ఆ టకటక బయటికే వినిపిస్తుంది. సీట్లు అరిగాయేమో కూడా చూడండి. కంకర సన్నగా రావాలని రెండు జా ప్లేట్ల మధ్య కింది సందు మరీ బిగించినా, తడిమట్టి అక్కడ గడ్డకట్టినా భారమంతా టోగుల్ మీదే పడుతుంది. ఇవన్నీ మెయిన్ స్విచ్ ఆపి, తాళం వేసి, ఫ్లైవీల్ పూర్తిగా నిలిచాకే చూడాలి. విరిగిన టోగుల్‌కి వెల్డింగ్ పెట్టించొద్దు. మిషన్ కంపెనీ చెప్పిన సైజువే రెండు స్టోర్‌లో ఉంచండి.