మిడి క్లాక్ లయను చెబుతుంది, టైమ్ కోడ్ చోటును చెబుతుంది

మీరు మూడు ఇబ్బందులు రాశారు. కీబోర్డు వాయిస్తుంటే ఒక్కోసారి ఒక స్వరం ఆగకుండా మోగుతూ ఉండిపోతోంది. గమకం కోసం పిచ్ చక్రం (స్వరాన్ని పైకీ కిందికీ వంచే చక్రం) తిప్పితే వెనక శ్రుతి కూడా కదిలిపోతోంది. వీడియోకు పెట్టిన సంగీతం మొదట్లో సరిగ్గా ఉండి, పోను పోను దృశ్యం కంటే ముందే వచ్చేస్తోంది. ఈ మూడూ నేను పడ్డవే కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు ఒక మాట మనసులో పెట్టుకోండి. మిడి అంటే కీబోర్డులు, కంప్యూటర్లు వంటి సంగీత పరికరాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే పద్ధతి. మిడి తీగలో శబ్దం ప్రయాణించదు, కబురు మాత్రమే వెళ్తుంది. మీరు మధ్య స్థాయి ‘సి’ మీట నొక్కితే మూడు బైట్లు బయలుదేరతాయి: మొదటిది ‘ఒకటో ఛానెల్‌లో మీట నొక్కారు’ అని (ఛానెల్ అంటే ఒకే తీగలో ఒక్కో వాద్యానికి కేటాయించే దారి), రెండోది 60 అనే మీట సంఖ్య, మూడోది ఎంత బలంగా నొక్కారో చెప్పే అంకె, 1 నుంచి 127 లోపు. 1983 నాటి పాత అయిదు పిన్నుల తీగ సెకనుకు 31,250 బిట్లు మోస్తుంది. అంటే ఈ కబురంతా చేరడానికి ఒక మిల్లీసెకను కూడా పట్టదు. వేలు తీసినప్పుడు ఇంకో కబురు విడిగా వెళ్లాలి. అది దారిలో పోతే, మీరు వేలు తీశారని ఆ వాద్యానికి తెలిసే మార్గం లేదు. మీ స్వరం ఉండిపోవడానికి కారణం అదే.

ఒకసారి భజన కార్యక్రమంలో ఎవరి కాలో తగిలి నా తీగ ఊడింది. ఆ క్షణంలో నా వేళ్లు మీటల మీద, పాదం సస్టెయిన్ పెడల్ (వేలు తీసినా స్వరాన్ని మోగిస్తూ ఉంచే పెడల్) మీద ఉన్నాయి. తీగ మళ్లీ పెట్టి, స్వరాలన్నీ ఆపమని చెప్పే 123వ కంట్రోలర్ (మిడిలో అంకెతో గుర్తించే ఆజ్ఞ) పంపితే ఏమీ ఆగలేదు. పెడల్ నొక్కి ఉన్నంతసేపు ఆ ఆజ్ఞ స్వరాలను ఆపదని నాకు ఆ రోజే తెలిసింది. పెడల్ కబురు 64వ కంట్రోలర్‌ది. దాని విలువ 63 వరకు ఉంటే పెడల్ వదిలినట్టు, 64 నుంచి నొక్కినట్టు లెక్క. ముందు 64వ కంట్రోలర్‌కు సున్నా పంపి, తర్వాత 123 పంపండి. అంత వ్యవధి లేకపోతే 120 పంపండి, అది శబ్దాన్ని అక్కడికక్కడే కోసేస్తుంది. మరో సంగతి: చాలా కీబోర్డులు స్విచ్ వేసే సమయంలో పెడల్ స్థితిని చూసుకుంటాయి. అప్పుడు దాని మీద కాలు ఉంటే ఆ తర్వాత పెడల్ తలకిందులుగా పనిచేస్తుంది.

గమకం విషయం నాకు చాలా ఇష్టమైనది. పిచ్ బెండ్ కబురు ఒక స్వరానికి కాదు, ఆ ఛానెల్ మొత్తానికి వర్తిస్తుంది. అందుకే వీణ, శ్రుతి ఒకే ఛానెల్‌లో ఉంటే రెండూ కలిసి వంగుతాయి. శ్రుతిని రెండో ఛానెల్‌కు మార్చండి, ఆ బాధ తీరిపోతుంది. ఇక ఎంత వంగాలన్నది చూద్దాం. ఈ కబురుకు 16,384 మెట్లు ఉన్నాయి, నడిమి మెట్టు 8,192. సాధారణంగా చక్రం ఇటు రెండు, అటు రెండు అర్ధస్వరాల దూరం వెళ్తుంది. తోడి గాంధారానికి ఇది అచ్చంగా సరిపోతుంది: సాధారణ గాంధారం మీట నొక్కి చక్రాన్ని పూర్తిగా కిందికి లాగితే శుద్ధ రిషభం, పూర్తిగా పైకి తోస్తే శుద్ధ మధ్యమం. ఆ రెండింటి మధ్య ఊపితే గాంధారం ప్రాణం పోసుకుంటుంది. షడ్జం నుంచి పంచమానికి జారు వేయాలంటే మాత్రం ఏడు అర్ధస్వరాలు కావాలి. అప్పుడు నేను పరిధిని 12కు పెంచుతాను. కానీ అప్పుడు చక్రం చిన్న కదలికకే ఎక్కువ వంగుతుంది కాబట్టి చేతికి మళ్లీ సాధన అవసరం. 2020లో వచ్చిన మిడి 2.0లో ఒక్కో స్వరాన్ని విడిగా వంచే వీలు ఉంది, మీ పరికరాలన్నీ దాన్ని అర్థం చేసుకోగలిగితే.

ఇక వీడియో. మీరు క్లాక్‌ను, టైమ్ కోడ్‌ను ఒకటే అనుకుంటున్నారు. మిడి క్లాక్ తాళం వేసే చేయి లాంటిది. ఒక బీట్‌కు, అంటే క్వార్టర్ నోట్‌కు, 24 సార్లు తట్టి లయను చెబుతుంది, నిమిషానికి 120 బీట్లయితే సెకనుకు 48 సార్లు. డ్రమ్ మెషీన్‌ను కలపడానికి అది చాలు. కానీ ఆ తట్టుకు ఇప్పుడు గంట ఎంత, నిమిషం ఎంత అన్నది తెలియదు. టైమ్ కోడ్ రహదారి పక్కన కిలోమీటరు రాయి లాంటిది: గంట, నిమిషం, సెకను, ఫ్రేము (వీడియోలోని ఒక్కో చిత్రం). ఒక్కో చోటు చిరునామాను ఎనిమిది ముక్కలుగా పంపుతుంది కాబట్టి పూర్తిగా చేరడానికి రెండు ఫ్రేముల కాలం పడుతుంది. అందుకే సంగీతం మొదలయ్యే చోటుకు అయిదారు సెకన్ల ముందు నుంచే నడిపించండి, కంప్యూటర్ కుదురుకోవడానికి.

మీ సంగీతం ముందుకు జరగడం చూస్తే నాకు అమెరికాలోని బంధువుల కూచిపూడి వీడియో గుర్తొచ్చింది. అది సెకనుకు 29.97 ఫ్రేములది. ఎడిటర్ సమయాలను నాన్ డ్రాప్ లెక్కలో పంపితే నేను డ్రాప్ లెక్కలో సర్దాను. డ్రాప్ అంటే చిత్రాలు పోవడం కాదు, గడియారంతో కలవడానికి నిమిషానికి రెండు ఫ్రేము సంఖ్యలు దాటవేయడం, ప్రతి పదో నిమిషంలో తప్ప. నాన్ డ్రాప్‌లో ఏ సంఖ్యనూ దాటవేయరు. రెండు లెక్కలకూ గంటకు 3.6 సెకన్ల తేడా. పదో నిమిషంలో 0.6 సెకను నాకు పట్టుబడలేదు. నలభయ్యో నిమిషానికి అది 2.4 సెకన్లయింది. నర్తకి ఇత్తడి పళ్లెం మీద నుంచి దిగకముందే నా మృదంగం తిల్లానా అందుకుంది. ఆమె కష్టానికి నేను చేసిన అన్యాయంలా అనిపించి రాత్రంతా కూర్చుని మళ్లీ సర్దాను.

అప్పటి నుంచి పని తీసుకునే ముందే ఫ్రేము లెక్క రాతపూర్వకంగా అడుగుతున్నాను. మన టీవీకి 25, సినిమాకు 24 మామూలు. టైమ్ కోడ్ అంకెలు తెర మీదే కనిపించే వీడియో, మొదటి చిత్రానికి రెండు సెకన్ల ముందు ఒక బీప్, చివరి చిత్రం తర్వాత రెండు సెకన్లకు ఇంకో బీప్ ఇమ్మంటాను. మొదటి బీప్ కలిసి చివరిది కలవకపోతే లెక్కలో తేడా ఉన్నట్టే. మీ వీడియో ఎన్ని ఫ్రేములదో, ఎన్నో నిమిషంలో ఎంత జరిగిందో రాయండి. ఆ రెండు అంకెలు ఉంటే తప్పు ఎక్కడుందో చూసి చెబుతాను.