యాడ్ మెసేజ్‌లు డిలీట్ చేసుకుంటే సరిపోదా?

'యాడ్ మెసేజ్‌లు వస్తే డిలీట్ చేసుకుంటే పోయేదానికి ఇన్ని రూల్స్ అవసరమా?' అని ఒకరు అడిగారు. 2023 డిసెంబర్ వరకు నాదీ అదే మాట.

మాది నెల్లూరు జిల్లా మైపాడు దగ్గర పల్లె. బాబాయికి రొయ్యల గుంటలున్నాయి. మిచాంగ్ తుపానుకు ముందు ఆయన ఫోన్‌కి ప్రభుత్వ హెచ్చరిక వచ్చింది. తెలుగులోనే ఉంది, ఆయన చూడలేదంతే. లోన్ ఇస్తాం, రమ్మీ ఆడండి, చీరల మీద డిస్కౌంట్ అంటూ రోజంతా మోగుతుంటే విసుగొచ్చి మెసేజ్‌ల శబ్దమే ఆపేసుకున్నాడు. పక్క గుంటోళ్లు డీజిల్ డ్రమ్ములు దించుకుంటుంటే, 'ఏంది అబ్బయ్యా, ఇంత డీజిలు?' అని అడిగాడంట. కరెంటు పోయినప్పుడు జనరేటర్‌కి డీజిల్ లేకపోతే నీళ్లలోకి గాలి పంపే ఏరియేటర్లు ఆగుతాయి, ఆక్సిజన్ పడిపోతే తెల్లారేసరికి రొయ్య చచ్చి తేలుతుంది. ఆ సాయంత్రం వానలో క్యాన్లు పట్టుకుని నెల్లూరు దాకా తిరిగాం. ఒక గుంట దక్కింది, ఒకటి పోయింది. తర్వాత ఫోన్ తీసి చూస్తే ఆ హెచ్చరిక అక్కడే ఉంది, రెండు రమ్మీ యాడ్‌ల మధ్యన.

అందుకే నా దృష్టిలో యాడ్‌ల వల్ల అసలు నష్టం విసుగు కాదు, పనికొచ్చే మెసేజ్ కూడా చదవకుండా పోవడం.

రూల్స్ లేక కాదు. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018లోనే కంపెనీలు ఏ పేరుతో మెసేజ్ పంపుతాయో ఆ పేరు, మెసేజ్ నమూనా ముందే రిజిస్టర్ చేయించాలంది. 2025 సవరణతో పంపిన పేరు చివర ఒక అక్షరం కూడా వచ్చింది: యాడ్ అయితే పీ, సర్వీసుకు ఎస్, లావాదేవీకి టీ, ప్రభుత్వానిదైతే జీ. యాడ్‌లు వద్దని డీఎన్‌డీ (డు నాట్ డిస్టర్బ్) పెట్టుకున్నా ప్రభుత్వ మెసేజ్‌లు ఆగవు, ఆ భయం వద్దు. మామూలు పది అంకెల నంబర్ నుంచి యాడ్ వస్తే 7 రోజుల్లోపు 1909కి ఫిర్యాదు చేయొచ్చు. 'ఈ రాత్రికి మీ కరెంటు కట్' అని అలాంటి నంబర్ నుంచి వస్తే మాత్రం మోసమే, తిరిగి ఫోన్ చేయకండి.

లోపం మన దగ్గరా ఉంది. బట్టల షాపులో బిల్లు దగ్గర నంబర్ అడిగితే టకటకా చెప్పేస్తాం. నేనూ చెప్పాను, ఆ షాపు మెసేజ్‌లు ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి.

ఇంకోటి, ఆ గుర్తు ఇంగ్లీషు అక్షరం. తెలుగు మాత్రమే చదివే మనిషికి అదేం తెలుస్తుంది? మొన్న బాబాయికి జీ ఎలా ఉంటుందో కాగితం మీద రాసి చూపించా. కాసేపు చూసి, 'చివర్న ఈ కొక్కెం ఉంటే చదవాలి, అంతేగా' అన్నాడు.