ఫెంటన్ చర్య తరువాత సి.ఓ.డి. ఎందుకు పెరిగింది?

పర్లాకిమిడి దగ్గరి చెత్తకుప్ప నుంచి తెచ్చిన నల్లటి ఊటనీటిలో ఫెర్రస్ సల్ఫేటు, హైడ్రోజన్ పెరాక్సైడు కలిపితే (ఇదే ఫెంటన్ చర్య) రంగు విరిగింది గాని సి.ఓ.డి. (నీటిలోని మలినాలను ఆక్సీకరించడానికి ఎంత ఆక్సిజన్ కావాలో చెప్పే కొలత) మాత్రం పెరిగిందని మీరు రాశారు. రంగు విరిగిందంటే చర్య జరిగినట్టే. నా అనుమానమంతా మిగిలిపోయిన పెరాక్సైడు మీదనే. సి.ఓ.డి.ని కొలిచే డైక్రోమేటు పరీక్షలో అది కూడా ఆక్సీకరణం చెంది, ప్రతి మిల్లీగ్రాముకూ దాదాపు 0.47 మిల్లీగ్రాముల సి.ఓ.డి.గా లెక్కకెక్కుతుంది కనుక, లీటరుకు 1000 మిల్లీగ్రాములు మిగిలితే 470 దొంగ అంకె వచ్చి చేరుతుంది. సున్నంతో పీహెచ్‌ను 8 దాకా పెంచి, బుడగలు ఆగి, తుప్పురంగు బురద పూర్తిగా దిగాక, పెరాక్సైడు పరీక్షపట్టీ నీలం తిరగలేదని చూసుకుని, పైతేటను మాత్రమే పరీక్షించండి.

పాత కుప్పల ఊటలో బైకార్బనేటు దండిగా ఉంటుంది. అది హైడ్రాక్సిల్ రాడికళ్లను (ఈ చర్యలో పుట్టి మలినాలను విరగ్గొట్టే చురుకైన కణాలను) మింగేస్తుంది కాబట్టి, ముందుగా యాసిడ్‌తో పీహెచ్‌ను 3కు దించి, వాయువు పోయేదాకా కలిపి, ఆ తరువాతే ఇనుము (ఫెర్రస్ సల్ఫేటు) వేయాలి. యాసిడ్ పోస్తుంటే పాలు పొంగినట్టు నురగ లేస్తుంది; బీకరును సగానికి మించి నింపవద్దు (నా బల్ల మీది మచ్చలు అందుకు సాక్ష్యం). పెరాక్సైడును ఒక్కసారిగా పోయక, మూడు నాలుగు విడతలుగా పోయండి; ఎక్కువైతే అదే రాడికళ్లను తినేస్తుంది.

అమ్మోనియా ఈ పద్ధతిలో పోదు, దానికి వేరే ఏర్పాటు కావాలి. మేలో కుదిరిన మోతాదును వానలు పడ్డాక తెచ్చిన పలచటి నమూనాకు వాడకుండా, మళ్లీ బీకరులో చూసుకోండి.