కలివి పొదల్లోకి ఫోనుతో వెళ్తున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

ఉదయగిరి దగ్గర మూడు పంచాయతీలకు జీవవైవిధ్య రిజిస్టరు, అంటే ఊళ్లోని మొక్కలు, జంతువులు, వాటి గురించి ఊరివాళ్లకు తెలిసిన సంగతుల పుస్తకం, రాసే పని నీకు అప్పగించారని మీ అమ్మ చెప్పింది. జీపీఎస్, మొక్కను ఫొటో తీస్తే పేరు చెప్పే యాప్, జంతువు ఎదుటికి వస్తే తనంతట తానే ఫొటో తీసే కెమెరా ట్రాప్‌లు రెండు ఇచ్చారట. ముప్పై ఏళ్లు జీవశాస్త్రం పాఠాలు చెప్పిన నోరు, ఊరుకోమంటే ఊరుకోదు.

ముందు నా తెలివితక్కువతనం చెబుతాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక యానాది తెగ పెద్దాయనను వెంటబెట్టుకుని వెలిగొండల వాలులో మొక్కలు సేకరించాను. నోటుపుస్తకంలో గళ్లు గీసుకున్నాను: పేరు, ఉపయోగం, ఏ రోగానికి మందు. ప్రతి మొక్క దగ్గరా ఆగి "ఇది దేనికి పనికొస్తుంది?" అని అడిగాను. ఆయన అన్నిటికీ ఏదో ఒకటి చెప్పాడు. మరుసటి ఏడాది అదే దారిలో అవే మొక్కల గురించి అడిగితే సగం జవాబులు మారిపోయాయి. నిలదీస్తే నవ్వి, "అయ్యవారూ, అంత దూరం నడిచి వచ్చి అడిగారు. తెలియదంటే నొచ్చుకుంటారని చెప్పాను" అన్నాడు. అదే మనిషి పొలం గట్టున ఎలుక బొరియ ముందు కూర్చున్నప్పుడు, నేనేమీ అడగకుండానే, ఏ కన్నం కొత్తది, ఏది వదిలేసింది, గింజలు ఎటువైపు దాచి ఉంటాయి, ఎందులో ఎలుకకు బదులు పాము చేరింది, వరసగా చెప్పుకుపోయాడు. ఆ రోజు నా దగ్గర నోటుపుస్తకం లేదు.

అందుకని మొదటి వారం ఫారం బయటికి తీయవద్దు. యానాదులు తేనెకు వెళ్తుంటే వెంట వెళ్లు, చెరువు అడుగంటినప్పుడు ఊతలతో, అదే బద్దల బుట్టలతో, చేపలు పడుతుంటే గట్టున కూర్చో. ఫారం రాత్రి ఇంటికి వచ్చాక నింపుకోవచ్చు. గడ్డలు, ఆకుకూరల సంగతి ఆడవాళ్లనే అడుగు. మగవాళ్లు ముందుకొచ్చి వాళ్ల తరఫున కూడా చెప్పేస్తారు, చాలావరకు తప్పు చెబుతారు. ఉదయగిరిలో గరిటెలు చెక్కేవాళ్లను కూడా మరచిపోకు. నర్ది చెక్క ఇప్పుడు ఎంత దూరం పోతే దొరుకుతోందో వాళ్లను అడిగితే అడవి ఎంత వెనక్కి పోయిందో తెలుస్తుంది.

నీ ఫోనులో అన్నిటికన్నా విలువైనది యాప్ కాదు, మాటలు రికార్డు చేసే సదుపాయం. ఎందుకో చెబుతాను. 1840లలో జెర్డాన్ అనే వైద్యుడు నెల్లూరులో సివిల్ సర్జన్‌గా పనిచేశాడు. పిట్టలంటే ప్రాణం. తూర్పు కనుమల జంతువుల గురించి ఇక్కడి యానాదుల నుంచే తెలుసుకున్నాడు. ఆయన సంపాదించిన ఒక పిట్టకు 1848లో శాస్త్రీయ నామం పెట్టారు, ఇంగ్లీషులో దాన్ని ఇప్పటికీ జెర్డాన్ పేరుతోనే పిలుస్తారు. మన కలివికోడి అదే. ఆయన రాసుకున్న తెలుగు పేరు మాత్రం వేరు. ఇంగ్లీషు అక్షరాల్లోంచి మళ్లీ తెలుగులోకి తెస్తే 'అడవి ఉత్త తిత్తి' లాంటిదేదో వస్తుంది. 'అడవిలోని ఖాళీ సంచి' అని దానికి అర్థం చెప్పారు. పిట్టకు ఖాళీ సంచి అని ఎవరైనా పేరు పెడతారా? నాకు మాత్రం తీతువు పేరులాగా అది కూతను బట్టి పుట్టిన పేరేమో అనిపిస్తుంది. పలికినవాడి గొంతు మనకు మిగల్లేదు, తేల్చుకునే దారి లేదు. పలికినవాడి పేరు కూడా మిగల్లేదు. నువ్వు ప్రతి పేరునూ చెప్పినవాళ్ల గొంతుతో రికార్డు చెయ్యి, తెలుగు లిపిలో రాయి, పక్కనే ఎవరు చెప్పారో, ఏ ఊరో రాయి. పేరు వద్దంటే మానెయ్యి.

ఆ పిట్ట కథ అక్కడితో ఆగలేదు. 1900 తరువాత ఎవరికీ కనబడక అంతరించిందనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లాలో మళ్లీ దొరికింది. దొరికించింది దుర్భిణి కాదు, రాత్రిపూట టార్చి వెలుగులో పిట్టలు పట్టే ఒక స్థానికుడు. అది రాత్రి తిరిగే పిట్ట. తరువాత దాని జాడ తీయడానికి శాస్త్రవేత్తలు పొదల మధ్య మెత్తటి మట్టి పట్టీలు పరిచి అడుగుల ముద్రలు చూశారు, కెమెరాలూ పెట్టారు. మట్టిలో అడుగు చదవడం వేటగాడి విద్య, కెమెరా మన విద్య. రెండూ ఒకే పొద దగ్గర కలిశాయి.

నీ కెమెరా ట్రాప్‌లకు అటవీశాఖ అనుమతి ముందే తీసుకో. చోటు మాత్రం యానాది కాలనీ పెద్దలనే ఎంచమను. ఉదయపు ఎండ, సాయంత్రపు ఎండ నేరుగా పడకుండా ఉత్తరానికో దక్షిణానికో తిప్పి, ముందున్న గడ్డి కోసెయ్యి. లేకపోతే వెయ్యి ఫొటోల్లో గడ్డే ఊగుతూ ఉంటుంది. కట్టెలకు వెళ్లే ఆడవాళ్ల ఫొటోలు కూడా పడతాయి. కెమెరా ఎక్కడ కట్టావో కాలనీలో అందరికీ చెప్పు, వాళ్ల ఫొటోలు వాళ్ల ఎదుటే తీసెయ్యి.

ఒంటినిండా పొలుసులుండే అలుగు, నక్షత్ర తాబేలు కనబడిన చోటును ఎవరికీ పంపకు. ఫొటోను ఫైలుగా పంపితే జీపీఎస్ అంకెలు కూడా వెంట పోతాయి, దొంగలకు దారి చూపినట్టే. ఐనాచురలిస్ట్ లాంటివి అపాయంలో ఉన్న జాతుల చోటును వాటంతటవే దాచిపెడతాయి కానీ మిగతావాటికి నువ్వే దాచమనాలి. యాప్ చెప్పిన పేరును ఊరికే నమ్మకు. పువ్వు లేని మొక్కను నమ్మకంగా తప్పు చెబుతుంది, నా గళ్లకు దొరికిన జవాబుల్లాగే.

పెద్దలు చెప్పినదంతా నిజమని కూడా నేననను. పాముకాటుకు పసరు చెబితే రాసుకో, కానీ కింద 'విరుగుడు ఇంజెక్షన్ ఉన్న ఆసుపత్రికి వెంటనే' అని రాయడం మానవద్దు. మద్రాసు పక్కన ఇరుళ తెగవాళ్లు 1978లో సహకార సంఘం పెట్టుకుని, తమ పాము పట్టే విద్యతోనే ఆ ఇంజెక్షన్‌కు కావలసిన విషాన్ని సరఫరా చేస్తున్నారు. వాళ్లలో ఇద్దరికి 2023లో పద్మశ్రీ వచ్చింది.

మందు మొక్కల దగ్గర ఇంకొంచెం నిదానంగా ఉండు. 1987లో కేరళ అడవుల్లో కాణి తెగవాళ్లు శాస్త్రవేత్తలకు ఆరోగ్యపచ్చ మొక్కను చూపించారు. దానితో జీవని అనే మందు తయారైంది, రాబడిలో సగం కాణివాళ్ల ట్రస్టుకు ఇవ్వాలనుకున్నారు. అయినా ఆ రహస్యం చెప్పడం కాణివాళ్లలోనే అందరికీ నచ్చలేదు. ఒక్కరు చెప్పగానే రిజిస్టరులో ఎక్కించకు. కాలనీలో అందరినీ కూర్చోబెట్టి రాసింది చదివి వినిపించు. ఫలానాది కొట్టెయ్యమంటే వాళ్ల ముందే కొట్టెయ్యి. పని ఆలస్యమవుతుంది, పైవాళ్లు కసురుకుంటారు. 2020 జనవరి ఆఖరుకల్లా రిజిస్టర్లు పూర్తి కావాలని గడువు పెట్టినప్పుడు హడావుడిగా రాసిన ఒకటి నేను చూశాను. పక్క ఊరి జాబితాను దించేసినట్టున్నారు, చెరువే లేని ఊరికి ఎనిమిది రకాల చెరువు చేపలు రాశారు.

వెళ్లేముందు మా ఇంటికి రా. అటక మీద నాన్న కాలం నాటి ఊత ఒకటి ఉంది, ఒకపక్క బద్దలు ఊడిపోయాయి. దాన్ని కాలనీకి తీసుకెళ్లి బాగుచేసి ఇమ్మని అడుగు. అది బాగయ్యేలోగా నువ్వు ఒక్క ప్రశ్న కూడా వేయనక్కర ఉండదు.

మామయ్య