ముందు బ్లాంక్ చూడు

చిరంజీవి అమ్మాయికి పెద్దమ్మ ఆశీస్సులు.

ఉభయకుశలోపరి. నీ ఉత్తరం అందింది. గైడ్ ఎలక్ట్రోకెమికల్ సెన్సర్లలో, అంటే కరెంటు చూసి ఒక పదార్థం ఎంతుందో చెప్పే పరికరాల్లో, మూడు టాపిక్‌లు ఇచ్చి ఒకటి ఎంచుకోమన్నారని, ఏది తీసుకుంటే పేపర్లు త్వరగా వస్తాయో చెప్పమని అడిగావు. త్వరగా పేపర్లు వచ్చే దారి ఒకటుంది, నాకు తెలుసు. కొత్త నానో పదార్థం చేసి, గ్లాసీ కార్బన్ ఎలక్ట్రోడ్ మీద ఒక చుక్క వేసి ఆరబెట్టి, డోపమైనో (మెదడు కణాల మధ్య కబుర్లు మోసే రసాయనం) గ్లూకోజో కొద్దికొద్దిగా కలుపుతూ కరెంటు చూసి, గ్రాఫ్‌లో చుక్కలు పెట్టి వాటి మీదుగా గీత గీస్తే ఒక పేపరు. పదార్థం మారిస్తే ఇంకొకటి. అలా చేసుకుంటూ పోయినవాళ్లను చాలామందిని చూశాను. వాళ్ల సెన్సర్లలో ఒక్కటీ ల్యాబ్ గడప దాటలేదు. నువ్వా దారిన పోవడం నాకిష్టం లేదు. అందుకే ఈ ఉత్తరం కాస్త పొడవవుతుంది, ఓపిగ్గా చదువు.

నీ మూడు టాపిక్‌లనీ అవే మూడు ప్రశ్నలు అడుగుదాం. ఈ కొలత ఎవరికి కావాలి? ఏ ద్రవంలో కావాలి? ఎంత మోతాదు దగ్గర కావాలి?

మొదటిది, ఎంజైమ్ లేని గ్లూకోజ్ సెన్సర్. నికెల్ ఆక్సైడ్ మీద, కాపర్ ఆక్సైడ్ మీద గ్లూకోజ్ చక్కగా ఆక్సీకరణం చెందుతుంది, నిజమే. కానీ అది ఎక్కువగా 0.1 మోలార్ (లీటరులో ఎంత కరిగి ఉందో చెప్పే కొలత) సోడియం హైడ్రాక్సైడ్‌లో, అంటే పీహెచ్ 13 దగ్గర. రక్తం పీహెచ్ 7.4. పరగడుపున రక్తంలో గ్లూకోజ్ 4 నుంచి 5.5 మిల్లీమోలార్ (మోలార్‌లో వెయ్యో వంతు) ఉంటుంది, షుగర్ అదుపు తప్పితే 20 దాటుతుంది. చాలా పేపర్లలో గీత 2, 3 మిల్లీమోలార్ దగ్గరే వంగిపోతుంది, ఆపైన మోతాదు సరిగ్గా చెప్పలేదు. పైగా మైక్రోమోలార్ (మిల్లీమోలార్‌లో వెయ్యో వంతు) గ్లూకోజ్‌నీ పట్టుకున్నామని గొప్పగా రాసుకుంటారు. రక్తంలో గ్లూకోజ్ అంతకు పడితే మనిషి బతకడు, మరి ఆ కొలత ఎవరి కోసం? చెమటలోనో కన్నీళ్లలోనో కొలుస్తామంటే అది వేరే సంగతి. అప్పుడు ఆ మాట మొదటి వాక్యంలోనే చెప్పాలి, ఆ ద్రవంలోనే కొలిచి చూపాలి.

రెండోది గ్రాఫీన్ (ఒక్క పరమాణువంత మందపు కార్బన్ పొర) మీద డోపమైన్. మెదడులో కణాల మధ్య ద్రవంలో డోపమైన్ నానోమోలార్లలో (మైక్రోమోలార్‌లో వెయ్యో వంతు) ఉంటే, ఆస్కార్బిక్ ఆమ్లం (విటమిన్ సి) వందల మైక్రోమోలార్లలో ఉంటుంది. ఏ పూతా లేని కార్బన్ మీద రెండూ ఇంచుమించు ఒకే వోల్టేజ్ దగ్గర ఆక్సీకరణం చెందుతాయి. 1970లలో రాల్ఫ్ ఆడమ్స్ అనే రసాయన శాస్త్రవేత్త మెదడులోకి కార్బన్ ఎలక్ట్రోడ్ దించినప్పుడు ఎదురైన చిక్కు ఇదే. తర్వాత నాఫియాన్ అనే పాలిమర్ పూత వచ్చింది. దానికి రుణావేశం ఉంటుంది కాబట్టి అదే ఆవేశమున్న ఆస్కార్బేట్‌ను (ద్రవంలో ఆస్కార్బిక్ ఆమ్లం ఉండే రూపం) దూరంగా తోసి, ధనావేశమున్న డోపమైన్‌ను రానిస్తుంది. ఎంత సాదాసీదా ఉపాయమో చూడు. ఈ టాపిక్ మంచిదే, కానీ మెదడు శాస్త్రం తెలిసిన తోడు లేకుండా పట్టుకోకు.

మూడోది తాగునీటిలో సీసం. బయోసెన్సర్ (ఎంజైమ్ లాంటి జీవపదార్థంతో కొలిచేది) కాదు గనక నీకు చప్పగా అనిపించినట్టుంది, రెండు ముక్కల్లో రాసి వదిలేశావు. నన్నడిగితే మొదటి ఆరు నెలలు నువ్వు చేయవలసింది అదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన హద్దు లీటరుకు 10 మైక్రోగ్రాములు, అంటే దాదాపు 48 నానోమోలార్. ఎవరికి, ఎందులో, ఎంత అన్న మూడింటికీ జవాబు ముందే ఉంది. స్ట్రిప్పింగ్ వోల్టామెట్రీలో సీసాన్ని రుణ వోల్టేజ్ దగ్గర ఎలక్ట్రోడ్ మీద పేర్చుకుని, తర్వాత ఒక్కసారిగా కరిగించి ఆ కరెంటు చూస్తావు. మునుపటిలా ఎలక్ట్రోడ్‌కు పాదరసం వాడక్కర్లేదు, 2000లో జోసెఫ్ వాంగ్ బృందం బిస్మత్ పూతతో అదే పని చేసి చూపించింది. నీటిలో రాగి ఉంటే అడ్డు తగులుతుంది, కుళ్లిన ఆకుల నుంచి వచ్చే సేంద్రియ పదార్థం ఎలక్ట్రోడ్‌ను కప్పేస్తుంది. ఆ తంటాలన్నీ పడు. నీ జవాబు తప్పో ఒప్పో లోహాలను కచ్చితంగా కొలిచే ఐసీపీ-ఎంఎస్ యంత్రం మీద సరిచూసుకోవచ్చు. చేయి కుదిరాక ఎంజైమ్‌ల దగ్గరికి పో.

మన రంగం ఎలా పెరిగిందో చూస్తే నేనెందుకింత గట్టిగా చెబుతున్నానో అర్థమవుతుంది. ప్లాటినం మీద ఆక్సిజన్ కొలవడం లీలండ్ క్లార్క్ అనే శాస్త్రవేత్తకు ముందే తెలుసు. రక్తంలో పెట్టగానే ప్రొటీన్లు, కణాలు అంటుకుని ఎలక్ట్రోడ్ పాడయ్యేది, అదీ అసలు సమస్య. ఆయన రెండు ఎలక్ట్రోడ్లనూ ఒక ప్లాస్టిక్ పొర వెనక దాచాడు. ఆక్సిజన్ పొర దాటి వస్తుంది, రక్తం రాదు. 1956లో దాన్ని ప్రచురించాడు. 1962లో లయన్స్‌తో కలిసి, ఆ పొర దగ్గరే గ్లూకోజ్ ఆక్సిడేజ్‌ను (ఆక్సిజన్ వాడుకుని గ్లూకోజ్‌ను ఆక్సీకరించే ఎంజైమ్) పట్టి ఉంచితే గ్లూకోజ్ కొలవొచ్చన్నాడు. అయితే రక్తంలో ఆక్సిజన్ హెచ్చుతగ్గులు కొలతను చెడగొట్టేవి. 1984లో ఎంజైమ్ నుంచి ఎలక్ట్రోడ్‌కు ఎలక్ట్రాన్లు మోసే మధ్యవర్తిగా ఫెర్రోసీన్ అనే ఇనుప సమ్మేళనాన్ని పెట్టి, ఆక్సిజన్ మీద ఆధారపడే పనిని చాలావరకు తప్పించారు. మూడేళ్లకు పెన్నంత గ్లూకోజ్ మీటరు జనం చేతికి వచ్చింది. ఈ మెట్లలో ఏదీ డిటెక్షన్ లిమిట్ (పట్టుకోగల కనిష్ఠ మోతాదు) ఇంకా తగ్గించాలన్న పోటీలో పుట్టలేదు. ప్రతిదీ రక్తంతో పడ్డ ఇబ్బందిలోంచే పుట్టింది.

ఇప్పుడు నాకు జరిగింది చెబుతాను. ఇంతవరకు మన ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

పీహెచ్‌డీ రెండో ఏడు. పాలీఅనిలీన్ (కరెంటు ప్రవహించే పాలిమర్) పూసిన ఎలక్ట్రోడ్ మీద డోపమైన్‌లాంటి ఒక న్యూరోట్రాన్స్‌మిటర్ కొలుస్తున్నాను. కలిపిన కొద్దీ కరెంటు పెరిగింది. గీత తిన్నగా వచ్చింది, ఆర్-స్క్వేర్ 0.998 (1 అయితే చుక్కలన్నీ గీత మీదే ఉన్నట్టు). నాలుగు నెలలు అదే పని. పేపరు రాసి పెట్టుకున్నాను. గ్రూప్ మీటింగ్‌లో కొత్తగా చేరిన అబ్బాయి మెల్లగా అడిగాడు, "అక్కా, స్టాక్ దేనిలో కలిపారు?" అని. స్టాక్ అంటే మనం కొద్దికొద్దిగా కలిపే చిక్కటి ద్రావణం. గాలికి పాడవకుండా పెర్‌క్లోరిక్ ఆమ్లంలో కలిపాను. "మరి ఆ ఆమ్లం ఒక్కటే కలిపి చూశారా?" అన్నాడు. చూడలేదు.

ఆ సాయంత్రమే చూశాను. వట్టి ఆమ్లం, అవే పరిమాణాలు, అదే బఫర్ (పీహెచ్ మారకుండా పట్టి ఉంచే ద్రావణం). అదే గీత వచ్చింది, దాదాపు అదే వాలు. పాలీఅనిలీన్ ఆమ్లంలో చురుగ్గా ఉంటుంది, తటస్థంగా ఉంటే మందగిస్తుంది. నా బఫర్ పలచనైనది, కలిపిన ప్రతిసారీ పీహెచ్ కొంచెం పడేది. నాలుగు నెలలు నేను కొలిచింది పీహెచ్‌ని. రాత్రంతా ల్యాబ్‌లో కూర్చున్నాను. ఆ పేపరు పంపలేదు. ఆ అబ్బాయి అడగకపోతే పంపేదాన్ని, అచ్చయ్యేది కూడా. తలుచుకుంటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది.

అందుకే అమ్మా, బ్లాంక్ అంటే వట్టి బఫర్ అనుకోకు. నువ్వు కలిపేదాంట్లో ఆ పదార్థం తప్ప మిగతావన్నీ ఉన్నదే బ్లాంక్. అది కనీసం పదిసార్లు తీయి. డిటెక్షన్ లిమిట్ లెక్కకు వేసే సిగ్మా, అంటే కొలతల చెదురు, దానిలోంచే రావాలి. లెక్కలో వచ్చిన లిమిట్ నువ్వు నిజంగా కొలిచిన కనిష్ఠ మోతాదు కంటే వందరెట్లు తక్కువుంటే దాన్ని నమ్మకు, పేపర్లో వేయకు.

ఇక చేతిపని. దీన్ని చిన్నచూపు చూసేవాళ్లకు ఈ రంగం లొంగదు. ఎలక్ట్రోడ్ పాలిష్ చేయడం ఎవరూ సరిగ్గా నేర్పరు, నేను రాస్తున్నట్టే చెయ్యి. 1 మైక్రాన్ అల్యూమినా పొడి, తర్వాత 0.3, తర్వాత 0.05. ఒక్కో సైజుకు ఒక్కో ప్యాడ్, వాటిని కలపొద్దు. ఎలక్ట్రోడ్‌ను నిట్టనిలువుగా పట్టుకుని, బరువు వేయకుండా, ఎనిమిది అంకె ఆకారంలో తిప్పు. ఒక సైజు నుంచి ఇంకో సైజుకు పోయేముందు నీళ్లతో బాగా కడుగు. చివర్లో సోనికేటర్‌లో (శబ్ద తరంగాలతో కడిగే పాత్ర) ఒకటి రెండు నిమిషాలు చాలు, లేకపోతే ఇరుక్కున్న అల్యూమినా గింజలు నీ పూత కిందే ఉండిపోతాయి. వెలుతురుకు ఏటవాలుగా పట్టి చూడు. నల్లటి అద్దంలా ఉండాలి. అంచు దగ్గర పొగమంచులాంటి మచ్చ కనబడితే మళ్లీ మొదటికి.

తర్వాత పొటాషియం ఫెర్రిసయనైడ్‌లో సీవీ (సైక్లిక్ వోల్టామెట్రీ, వోల్టేజ్‌ను ముందుకీ వెనక్కీ నడిపి కరెంటు గీయడం) తీయి. ఒక్క ఎలక్ట్రాన్ చర్యకు రెండు శిఖరాల మధ్య దూరం 25 డిగ్రీల దగ్గర సిద్ధాంతం ప్రకారం 59 మిల్లీవోల్టులు. చేతిలో 70, 80 వస్తే సంతోషించు. వంద దాటితే మళ్లీ ప్యాడ్ దగ్గరికి పో. రోజూ పొద్దున్నే ఈ పని చేసి నోట్‌బుక్‌లో అంకె రాసుకుంటే, ఏ రోజు ప్రయోగం ఎందుకు చెడిందో ఏడాది తర్వాతా తెలుస్తుంది.

ఎంజైమ్‌ల దగ్గరికి వచ్చాక ఒక ఉచ్చు ఉంటుంది. గ్లూకోజ్ ఆక్సిడేజ్ నేరుగా ఎలక్ట్రోడ్‌కు ఎలక్ట్రాన్లు ఇస్తోందని, మైనస్ 0.45 వోల్టుల దగ్గర కనబడే జంట శిఖరాలను చూపించి వందలాది పేపర్లు వచ్చాయి. ఆ ఎంజైమ్‌లో ఎలక్ట్రాన్లు అందుకునే భాగమైన ఎఫ్‌ఏడీ లోతుగా కూరుకుపోయి ఉంటుంది, అక్కడి నుంచి ఎలక్ట్రాన్ అంత సులువుగా బయటికి రాదు. సహజ రూపంలో ఉన్న గ్లూకోజ్ ఆక్సిడేజ్ అలా చేయదని 2016లో జార్జ్ విల్సన్ తేల్చి రాశారు. ఆ శిఖరాలు ఎంజైమ్ నుంచి ఊడి బయటపడ్డ ఎఫ్‌ఏడీవి కావచ్చు. గ్లూకోజ్ కలిపినప్పుడు కరెంటు ఏమవుతుందో ఆక్సిజన్ తీసేసి ఒకసారి, ఉంచి ఒకసారి చూసుకోనిదే ఆ మాట రాయకు.

ఒకే ఎలక్ట్రోడ్‌తో ఐదుసార్లు కొలిచి రీప్రొడ్యూసిబిలిటీ (మళ్లీ చేసినా అదే ఫలితం రావడం) అనడం మోసం. ఐదు ఎలక్ట్రోడ్లు ఐదు రోజుల్లో చేయి, వీలైతే ఒకటి ఇంకొకరి చేత చేయించు. సీరంను (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవం) బఫర్‌తో వందరెట్లు పలచన చేసి, పదార్థం కలిపి, 98 శాతం రికవరీ (కలిపినదాంట్లో తిరిగి కొలతకు దొరికిన భాగం) వచ్చిందంటే అదీ నమ్మకు. అడ్డొచ్చే యూరిక్ ఆమ్లాన్నీ ప్రొటీన్లనూ నువ్వే వందరెట్లు తగ్గించేశావు కదా.

అడ్డొచ్చేవాటి పట్టిక వేయడం పేపరు పరిశీలించే రివ్యూయర్ కోసం కాదు. పీక్యూక్యూ అనే సహాయక అణువున్న గ్లూకోజ్ డీహైడ్రోజినేజ్ ఎంజైమ్ వాడిన కొన్ని స్ట్రిప్‌లు మాల్టోజ్‌నీ గ్లూకోజ్ అనుకునేవి. కడుపు డయాలిసిస్‌కు ఐకోడెక్స్‌ట్రిన్ (ఒక పిండిపదార్థం) ద్రావణం వాడే రోగుల రక్తంలో మాల్టోజ్ చేరుతుంది. మీటరు ఎక్కువ చూపిస్తే ఇన్సులిన్ ఇచ్చారు, అసలు షుగర్ పడిపోయింది. 13 మంది చనిపోయినట్టు నివేదికలు అందాయని 2009లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరిక జారీ చేసింది. నీ పట్టికలో ఏ చక్కెర వదిలేస్తున్నావో ఆలోచించినప్పుడు వాళ్లను గుర్తు చేసుకో.

తోడు గురించి ఒక్క మాట. ఆసుపత్రి ల్యాబ్‌లో పనిచేసే ఒక మనిషితోనో, నీళ్లు పరీక్షించే ఒక ఇంజినీరుతోనో నెలకోసారి కూర్చో. వాళ్లకు నీ గ్రాఫీన్‌తో పనిలేదు. స్ట్రిప్ ఎన్నాళ్లు నిలవుంటుంది, తడి తగిలితే ఏమవుతుంది అని అడుగుతారు. ఆ ప్రశ్నల్లోంచే నీ తర్వాతి పదేళ్ల పని వస్తుంది. వీలుంటే ఆప్-ఆంప్‌లతో (సిగ్నల్‌ను పెంచే చిన్న చిప్‌లు) చిన్న పొటెన్షియోస్టాట్ (ఎలక్ట్రోడ్ వోల్టేజ్‌ను అదుపులో ఉంచి కరెంటు కొలిచే పెట్టె) చేతులతో కట్టి చూడు. పెట్టె లోపల ఏం జరుగుతోందో తెలిస్తే తెరమీది గీతకు భయపడవు.

రోజూ రాత్రి వెళ్లేముందు సిల్వర్/సిల్వర్ క్లోరైడ్ రిఫరెన్స్ ఎలక్ట్రోడ్‌ను (వోల్టేజ్‌ను దీనితో పోల్చి కొలుస్తాం) 3 మోలార్ పొటాషియం క్లోరైడ్‌లో పెట్టు. కొసన గాలి బుడగ ఉంటే మెల్లగా తట్టు. వచ్చే ఉత్తరంలో ఐదు ఎలక్ట్రోడ్ల ఫెర్రిసయనైడ్ సీవీలు ఒకే గ్రాఫ్ మీద వేసి పంపు. బ్లాంక్ గీత కూడా దాని మీదే వెయ్యి.

ప్రేమతో,
పెద్దమ్మ