టెక్ సందేహాలు: మైకు కొనేముందు గోడలు చూడండి

ప్రశ్న: పదడుగులకు పదడుగుల పడకగదిని రికార్డింగు స్టూడియోగా మార్చుకున్నాను. గోడలన్నిటికీ కోడిగుడ్ల అట్టలు అంటించాను. అయినా కండెన్సర్ మైకులో పాడితే గొంతు డబ్బాలోంచి వచ్చినట్టుంది. పక్కింటి మోటారు మోత కూడా పడుతోంది. నలభై వేలు పెట్టి మంచి మైకు కొంటే తేడా వస్తుందా? (కాకినాడ)

జవాబు: వస్తుంది. గదిలోని లోపాలు ఇంకా స్పష్టంగా వినిపిస్తాయి.

ముందు ఆ అట్టలు పీకేయండి. పైస్థాయి (సన్నటి, కీచు) శబ్దాన్ని కాస్త చెదరగొట్టడం తప్ప అవి చేసేదేమీ లేదు. పైగా నిప్పురవ్వ పడితే భగ్గుమంటాయి. మీ గదికున్న అసలు జబ్బు చతురస్రంగా ఉండటం. పదడుగుల దూరంలో ఎదురెదురుగా ఉన్న గోడల మధ్య 56 హెర్ట్జ్ (సెకనుకు 56 కంపనాలు) దగ్గర, మళ్లీ 113 దగ్గర శబ్దం మోగుతుంది. పొడవు, వెడల్పు ఒకటే కాబట్టి రెండు దిక్కుల మోతా అవే స్థానాల్లో కూడుతుంది. మగవాళ్ల గొంతులో మంద్ర స్వరాలు సరిగ్గా ఆ 113 చుట్టుపక్కలే ఉంటాయి. డబ్బా మోత అంతా అక్కడిదే కాదు. ఖాళీ గోడలు, గచ్చు మీద నుంచి వెంటనే తిరిగొచ్చే ప్రతిధ్వని కూడా అందులో కలుస్తుంది.

దీనికి మందు రాక్‌వూల్, అంటే రాతిని కరిగించి తీసిన పీచు. ఇన్సులేషన్ సామాన్ల దుకాణంలో ఘనపు మీటరుకు 48 కిలోల సాంద్రత ఉన్న 2 అంగుళాల స్లాబులు అడగండి. రెండేసి కలిపి 4 అంగుళాల మందం వచ్చేలా, 4 అడుగులకు 2 అడుగుల చెక్క ఫ్రేములో బిగించి, పైన గుడ్డ కప్పాలి. గుడ్డను నోటికి ఆనించి ఊదితే గాలి అవతలికి పోవాలి. పోకపోతే శబ్దమూ పోదు, రెగ్జిన్ లాంటివి అందుకే పనికిరావు. ఇలాంటివి ఆరు చేయించి, నాలుగింటిని గది నాలుగు మూలల్లో ఏటవాలుగా నిలబెట్టండి. మిగతా రెండూ పాడేవాళ్ల వెనక ఉండాలి. వాటికీ గోడకూ మధ్య 4 అంగుళాల ఖాళీ వదిలితే కింది స్థాయి (బొంగురు, బేస్) శబ్దాన్ని ఇంకొంచెం పీల్చుకుంటాయి. కోసేటప్పుడు మాస్కు, చేతి తొడుగులు తప్పనిసరి. ఆ పీచు ఒంటికి తగిలితే దురద వదలదు.

పాడేవాళ్ల వెనకే ఎందుకంటే, కార్డియాయిడ్ మైకు (ముందువైపు శబ్దాన్నే ఎక్కువగా పట్టే రకం) తన వెనక వైపును పెద్దగా పట్టించుకోదు. అది చూసేది పాడేవాళ్లనీ, వాళ్ల వెనకున్న గోడనీ. చాలామంది డబ్బు పోసి మైకు వెనక ఫోమ్ పెట్టి, మైకుకు ఎదురుగా, పాడేవాళ్ల వెనకున్న గోడను ఖాళీగా వదిలేస్తారు. ప్యానెళ్లు తయారయ్యేదాకా రెండు మందపాటి రజాయిలు వేలాడదీసినా సగం ఊరట దొరుకుతుంది. మైకు గది నట్టనడుమ మాత్రం పెట్టకండి. నోటికీ దానికీ జానెడు దూరం, మధ్యలో పాప్ ఫిల్టర్ (ప, బ లాంటి అక్షరాల గాలి దెబ్బను ఆపే తెర) ఉండాలి. మరీ దగ్గరకు జరిగితే గొంతు అడుగు బరువెక్కుతుంది. గెయిన్ (మైకు శబ్దాన్ని పెంచే మీట) ఎంత పెట్టాలంటే, గట్టిగా పాడినచోట మీటరు మైనస్ 12, మైనస్ 10 డెసిబెల్స్ మధ్య తిరగాలి. 24 బిట్ రికార్డింగులో అంతకన్నా పైకి తీసుకెళ్లనక్కర్లేదు.

మోటారు సంగతి వేరు. రాక్‌వూల్ గదిలోని మోతను తగ్గిస్తుంది కానీ బయటి శబ్దాన్ని ఆపదు. ఆపాలంటే బరువైన తలుపు, సందు లేని కిటికీ కావాలి. తలుపు చుట్టూ రబ్బరు పట్టీ, అడుగున సీలు వేయించండి. వేలు పట్టేంత సందు మిగిలినా ఖర్చంతా వృథా. అద్దె ఇంట్లో అంత చేయించలేకపోతే మోటారు వేసే వేళలు కనుక్కుని, ఆ సమయం తప్పించి పాడటమే చవక.

ప్రశ్న: రికార్డు చేస్తుంటే హెడ్‌ఫోన్లలో నా గొంతు నాకే ఆలస్యంగా వినిపించి తాళం తప్పుతోంది. కొత్త ల్యాప్‌టాప్ కొనాలా? (వరంగల్)

జవాబు: అక్కర్లేదు. బఫర్ (కంప్యూటర్ ఒక్కో విడతకు పోగేసుకునే శబ్దపు ముక్క) 1024 శాంపిళ్ల మీద ఉండుంటుంది. 48 కిలోహెర్ట్జ్ శాంపిల్ రేటులో (సెకనుకు శబ్దాన్ని 48 వేలసార్లు కొలిచే లెక్కలో) అది ఒకవైపు 21, పోనూ రానూ 43 మిల్లీసెకన్లు. 128కి దించితే రెండువైపులా కలిపి 5 పైచిలుకు. ఇంటర్‌ఫేస్ (మైకును కంప్యూటర్‌కు కలిపే పెట్టె) సొంతంగా కలిపే కాస్త ఆలస్యం దీనికి అదనం. విండోస్‌లో ఇంటర్‌ఫేస్ తయారీదారు ఇచ్చిన ఏఎస్‌ఐఓ (ఆలస్యం తగ్గించే రకం) డ్రైవరే ఎంచుకోండి. బఫర్ దించాక చిటపటలు వస్తే 256 పెట్టి, ఇంటర్‌ఫేస్ మీదుండే డైరెక్ట్ మానిటర్ మీట నొక్కండి. అప్పుడు మీ గొంతు కంప్యూటర్ దాకా వెళ్లకుండానే చెవికి చేరుతుంది. కాకపోతే రివర్బ్ (సాఫ్ట్‌వేరు కలిపే గుంయిమనే ప్రతిధ్వని) లేకుండా వస్తుంది, కొందరికి అలా పాడటం రుచించదు. అన్నట్టు, మాస్టర్ ట్రాక్ మీద లీనియర్ ఫేజ్ ఈక్వలైజర్, లుక్ అహెడ్ లిమిటర్ లాంటి, శబ్దాన్ని కాసేపు ఆపుకుని పనిచేసే ప్లగిన్లు ఉంటే బఫర్ ఎంత దించినా ఆలస్యం పోదు. పాడేటప్పుడు వాటిని ఆపేసి, మిక్సింగుకు కూర్చున్నాక మళ్లీ 1024కి వెళ్లండి.

ప్రశ్న: ల్యాప్‌టాప్ చార్జరు పెడితే స్పీకర్లలో గుర్రుమంటోంది. తీస్తే పోతోంది. (నెల్లూరు)

జవాబు: గ్రౌండ్ లూప్, అంటే పరికరాల ఎర్త్ తీగలు ఒక చుట్టులా కలిసిపోయి మోత పుట్టడం. ల్యాప్‌టాప్, స్పీకర్లు, వాయించే కీబోర్డు అన్నిటికీ ఒకే ఎర్త్ ఉన్న ఎక్స్‌టెన్షన్ బోర్డు నుంచే కరెంటు ఇవ్వండి. ఇంటర్‌ఫేస్ నుంచి స్పీకర్లకు బ్యాలెన్స్‌డ్ టీఆర్‌ఎస్ కేబుళ్లు (దారిలో చేరే మోతను రద్దుచేసే రకం) వాడండి. కీబోర్డు లైన్ తగిలించినప్పుడే మోత వస్తుంటే గ్రౌండ్ లిఫ్ట్ మీట (సిగ్నల్ తీగలో ఎర్త్ బంధాన్ని తెంచేది) ఉన్న డీఐ బాక్సు, అంటే వాయిద్యాన్ని ఇంటర్‌ఫేస్‌కు కలిపే చిన్న పెట్టె, మధ్యలో పెట్టండి. ప్లగ్గు ఎర్త్ పిన్ను విరగ్గొట్టమని ఎవరైనా చెబితే వినకండి, షాక్ కొట్టకుండా కాపాడేందుకే అది ఉంది. కరెంటు పోయి ఇన్వర్టర్ మీదకు మారినప్పుడే గుర్రు వస్తుంటే మీది స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ అయ్యుండొచ్చు. ప్యూర్ సైన్ వేవ్‌ది కావాలి.

ప్రశ్న: డాలస్‌లో ఉన్న మా చెల్లెలు పాడి పంపిన ట్రాక్‌ను నా ప్రాజెక్టులో వేస్తే శ్రుతి పెరిగిపోయి, పాట ముందే అయిపోతోంది. (విజయవాడ)

జవాబు: ఆమె 44.1 కిలోహెర్ట్జ్‌లో పాడింది, మీ ప్రాజెక్టు 48లో ఉంది, మధ్యలో మార్పిడి జరగలేదు. అలాంటప్పుడు శ్రుతి దాదాపు ఒకటిన్నర సెమీటోన్ (కీబోర్డులో పక్కపక్క మీటల మధ్య తేడాకు ఒకటిన్నర రెట్లు) పెరుగుతుంది, నాలుగు నిమిషాల పాట ఇరవై సెకన్ల ముందే ముగుస్తుంది. మీ లెక్క ఇలాగే ఉంటే పిచ్ షిఫ్టర్‌తో కుస్తీ పట్టకండి. ఆ ఫైలును తీసేసి, ఇంపోర్టు చేసేటప్పుడు రీశాంప్లింగ్‌కు (ఫైలు శాంపిల్ రేటును ప్రాజెక్టు రేటుకు మార్చడానికి) ఒప్పుకోండి. మొదట్లో సరిగ్గా ఉండి, చివరికొచ్చేసరికి రవ్వంత జారితే అది వేరే జబ్బు. రెండు పరికరాల గడియారాలు కొద్దిగా తేడాగా నడుస్తుంటాయి, ఆ ట్రాక్‌ను తేడా ఎంతో అంతే సాగదీస్తే చాలు.

ఈసారి పాడేముందే ఆమెకు చెప్పండి: 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, మోనో వేవ్ ఫైలు. నిమిషానికి 8.6 ఎంబీ దాకా అవుతుంది. పాట మొదటి సెకను నుంచి, పల్లవి ముందున్న మౌనంతో సహా ఎక్స్‌పోర్టు చేయాలి. ఎంపీ3 వద్దు, ఆరంభంలో రవ్వంత ఖాళీ చేరి తాళం జరుగుతుంది. వాట్సాప్‌లోనే పంపాలనుకుంటే ఆడియోగా కాక డాక్యుమెంటుగా జతచేయమనండి.